సగము పెండ్లి లేదు

గత నెలలో మా సంఘములోని ఒక తల్లి కంగారుగా వచ్చింది. బ్యాంకులో కొడుకు హాస్టలు ఫీజు పంపుతుండగా కరెంటు పోయిందట. "అయ్యగారూ, నా ఖాతాలో తీసి, అక్కడ వేయకముందే ఆగిపోతే డబ్బు ఏమైపోతుంది?" అన్నది. న్యాయమైన భయమే.

కంప్యూటర్లతో లావాదేవీలు మొదలైననాటి నుండి ఈ భయమున్నది. 1960లలో అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఐబీఎం సంస్థలు కలిసి విమానపు సీట్ల కోసం సేబర్ అనే ఏర్పాటు నడిపించాయి. తరువాత ఇటువంటి పనికి నియమములు కూర్చినవారిలో ముఖ్యుడు జిమ్ గ్రే. 1998లో ట్యూరింగ్ బహుమానము పొందినాడు. 2007లో ఒంటరిగా పడవలో సముద్రము మీదికి వెళ్లి తిరిగి రాలేదు. 1981లో రాసిన వ్యాసములో ఆయన ఇచ్చిన ఉదాహరణ ఏమిటనుకున్నారు? క్రైస్తవ వివాహము!

పెండ్లిలో మేము మొదట అభ్యంతరములున్నవా అని సభను అడుగుతాము. తరువాత వరుని, వధువును వేరువేరుగా అడుగుతాము. ఇద్దరూ ఔనంటేనే భార్యాభర్తలని ప్రకటిస్తాము. ఒకరు నోరు విప్పకపోతే పెండ్లి లేదు. సగము పెండ్లి అనేది అసలే లేదు. (మాకింకా అటువంటి గండము రాలేదు.)

కంప్యూటరూ అంతే. రెండు చోట్లా సిద్ధమా అని అడిగి, రెండూ ఔనంటేనే "జరిగినది" అని రాసుకుంటుంది. ప్రతి మార్పునూ ముందుగా చిట్టాలో ఎక్కిస్తుంది. నడుమ కరెంటు పోతే, వచ్చాక ఆ చిట్టా చదివి, పూర్తికానిదంతా కొట్టివేసి పాత లెక్కనే నిలుపుతుంది. "జరిగినది" అని రాసినదాన్ని మాత్రము కొట్టివేయదు. తప్పయితే మరొక పద్దు రాయవలసిందే.

మరునాడు ఆ తల్లి పాసుబుక్కు తెచ్చి చూపించింది. పైకము ఆమె ఖాతాలోనే ఉన్నది. మళ్లీ వెళ్లి ఫీజు కట్టివచ్చింది.