రెండు కొండల మధ్య సూర్యుడు

పిల్లల చేతికి తెల్లకాగితం ఇచ్చి ఇష్టమైన బొమ్మ వేయమంటే తెలుగునాట ఎక్కడైనా దాదాపు ఒకటే బొమ్మ వస్తుంది. పక్కపక్కనే రెండు త్రికోణాల కొండలు, వాటి సందులోంచి తొంగిచూసే సూర్యుడు, కింద గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు, ముందు పారే ఏరు. తిరుచానూరు పిల్లలూ అదే వేస్తారు. నిజానికి వాళ్లు వీధిలోకొచ్చి తలెత్తితే వాయవ్యాన కనిపించేది శేషాచలం. దానికి మొనదేలిన శిఖరాల్లేవు. బారుగా సాగిపోయే అంచు, దాని కింద నిట్టనిలువుగా ఎర్రటి రాతిచరియలు. సూర్యుడు అటువైపు ఉదయించనే ఉదయించడు.

మరి ఆ రెండు కొండలూ ఎక్కడివి? చాలామటుకు నల్లబల్ల మీదివి. టీచరు చిన్నప్పుడు వాళ్ల టీచరు వేసిన బొమ్మను దింపుకున్నారు. ఇప్పుడు ఆ టీచరు వేసినదాన్ని పిల్లలు దింపుకుంటున్నారు.

ఈ గొలుసును తెంపగలిగేది ఉపాధ్యాయ శిక్షణలోనే. ఎందుకంటే ప్రాథమిక పాఠశాలకు డ్రాయింగ్ మాస్టారు రారు. లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలు పాసై, వేసవిలో 42 రోజుల టీటీసీ శిక్షణ తీసుకున్నవాళ్లకు చోటు హైస్కూళ్లలో. కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పింది కానీ, అది 6 నుంచి 8 తరగతులకే, అదీ వందమందికి పైగా పిల్లలున్న బళ్లకే. ఒకటి నుంచి ఐదు వరకు తెలుగూ లెక్కలూ చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరే (ఎస్జీటీ) బొమ్మలూ చెప్పాలి.

ఆ ఎస్జీటీలు తయారయ్యేది రెండేళ్ల డీఎల్‌ఈడీ కోర్సులో. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ప్రభుత్వ శిక్షణ సంస్థ డైట్ కార్వేటినగరంలో ఉంది. డీసెట్ రాసి ఇలాంటి సంస్థల్లో చేరే ఛాత్రోపాధ్యాయులు ఇంటర్ దాటి వచ్చిన పిల్లలు. రంగు పెన్సిళ్లు పక్కనపెట్టి చాలామందికి ఏళ్లు గడిచుంటాయి. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళావిద్య ఉండాల్సిందేనంది. 2020 విద్యావిధానం కళను పాఠంలో కలిపి చెప్పమంది. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతికి ‘బాంసురీ’ పేరుతో కళల పుస్తకమే తెచ్చింది. కాగితాల మీద కొదవ లేదు. ఉన్న కొదవంతా ‘నాకు బొమ్మలు రావండీ’ అనే ఒక్క మాటలో ఉంది.

ఆ మాట అనే అమ్మాయే ధనుర్మాసంలో తెల్లారగట్ల కళ్లాపి చల్లి, 15 చుక్కలు, సందుచుక్క 8 వరకు పెట్టి, చకచకా మెలికలు తిప్పేస్తుంది. మొత్తం 169 చుక్కలు. అంటే సరిగ్గా 13 పదమూళ్లు. ఇందులో లెక్కల పాఠం కూడా దాగుంది. గీత మీద అదుపు, రెండువైపులా సమంగా తూగేలా చూడటం, ఖాళీని ఎక్కడ వదలాలో ఎక్కడ నింపాలో తెలియడం, ఇవన్నీ ఆమె వేళ్లకు వచ్చు. దాన్ని డ్రాయింగ్ అని ఎవరూ అనలేదు కాబట్టి తనకు రాదనుకుంటోంది. (మగపిల్లల చేతికి ముగ్గుపిండి ఇవ్వని ఇళ్లే ఎక్కువ. వాళ్లు వినాయకచవితి బంకమట్టి నుంచి మొదలుపెట్టాలి.)

ఛాత్రోపాధ్యాయులు నేర్చుకోవాల్సింది చక్కగా బొమ్మ వేయడం కంటే ముందు, పిల్లల బొమ్మను చదవడం. ఆస్ట్రియా నుంచి అమెరికా వెళ్లిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో తెచ్చిన పుస్తకంలో బాలల చిత్రాలు వయసుతోపాటు ఏ మెట్లు ఎక్కుతాయో వివరించాడు. రెండేళ్లప్పుడు పిచ్చిగీతలు, నాలుగేళ్లప్పుడు తలకాయలోంచే కాళ్లు, ఏడేళ్లకు కాగితం అడుగున ఒక నేలగీత. తిరుచానూరు రెండో తరగతి పిల్లవాడు కార్తీక బ్రహ్మోత్సవాల గజవాహనం వేశాడనుకుందాం. ఏనుగు గోపురాన్ని మించిపోయింది. వీధికి ఇటువైపు జనం నిలబడి ఉంటే, అటువైపు జనం తలకిందులుగా ఉన్నారు. తెలియని టీచరు ‘ఏనుగు అంతుంటుందా’ అని రబ్బరు అందిస్తారు. తెలిసిన టీచరుకు అందులో తప్పేమీ కనిపించదు. నాన్న భుజాలెక్కి చూసిన పిల్లవాడికి ఆ రాత్రి ఏనుగు కంటే పెద్దది మరొకటి లేదు. ముఖ్యమైనదాన్ని పెద్దగా వేయడం, వీధిని పెట్టె విప్పినట్టు రెండువైపులకూ పరచడం ఆ వయసు పద్ధతి. ఆ మాటకొస్తే మన గుడి శిల్పాల్లో స్వామి పాదాల దగ్గర భక్తుడు బెత్తెడే ఉంటాడు. శిల్పికి కొలతలు రావని ఎవరమూ అనం కదా!

ఇక రంగుల సంగతి. వాటర్ కలర్ పెట్టెలు లేవనేది ప్రతి బడిలో వినిపించే మాటే. కానీ తిరుచానూరు నుంచి బస్సెక్కితే కాళాస్త్రి ఎంతో దూరం లేదు. కనుమరుగవుతున్న అక్కడి కలంకారీకి 1950ల చివర కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో పెట్టిన శిక్షణ కేంద్రమే మళ్లీ ఊపిరిపోసింది. ఆ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పచెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ల సరంజామాలో చాలామటుకు వంటింట్లోనో పచారీ కొట్లోనో దొరికేదే. వెదురుపుల్ల మొన చెక్కి, కాస్త పైన గుడ్డ చుట్టి దారంతో బిగిస్తే కలం. ఆ చుట్ట రంగు పీల్చుకుంటుంది, వేలితో నొక్కితే మొనకు దిగుతుంది. గుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఎండేస్తారు. పాలు లేకపోతే రంగు పాకిపోతుంది.

అన్నిటికంటే పిల్లలకు నచ్చేది కసిమి అనే నల్లరంగు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో పోసి మూడు వారాలు పులియబెడతారు. ఆ నీళ్లు చూస్తే నల్లగా ఉండవు. కలంతో గీసినప్పుడు కూడా గీత మొదట పలచగానే ఉంటుంది. చూస్తుండగానే కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలిసి నల్లబడుతుంది. శిక్షణ సంస్థలో ఒక్కసారి స్వయంగా చేసి చూసినవాళ్లు రేపు ఏ మారుమూల బడికి వెళ్లినా పాత మేకులతో, బెల్లంముక్కతో అదే చేయించగలరు. కుండను మాత్రం కిటికీ అవతల పెట్టుకోవాలి, ఆ వాసన మామూలుగా ఉండదు.

టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్లినప్పుడు చార్టు బయట వేయించుకొచ్చి గోడకు తగిలించే అలవాటు చాలామందికి ఉంది. దానికి మార్కులూ పడుతుంటాయి. దానికి బదులు పిల్లల్ని వీధిలోకి తీసుకెళ్లి, శేషాచలం వైపు నిలబెట్టి, కొండ పైఅంచును గాల్లో వేలితో గీయమనొచ్చు. ఎక్కడ వంగింది, ఎక్కడ తెగింది, ఎక్కడ ఎర్రగా ఉంది అని అడగొచ్చు. తర్వాత పలకలు పట్టుకుని గీస్తే త్రికోణాలు తగ్గుతాయి. అయినా ఒకడు కొండ మీద సూర్యుణ్ని పెట్టేస్తాడు. అక్కడ లేడు కదరా అంటే, ‘ఎండాకాలంలో పొద్దు మునిగేది ఆపక్కే గదా సార్’ అనొచ్చు. వాడు చెప్పింది నిజమే.