చిల్లపెంకుల చరిత్ర

గౌతమీపుత్ర శాతకర్ణి ఎవరని అడిగినచో మన ప్రాంతమున చదువుకొను ఏ బాలుడైనను తడుముకొనక బదులు చెప్పును. ఆ రాజు ఏలిన కాలమున ఒక బాలుడు ఉదయముననే లేచి ఏ పాత్రలో తినెను, వాని తల్లి నీళ్లు ఎచ్చటినుండి తెచ్చెను, వాని ఇంటికి గోడ దేనితో కట్టిరి అని అడిగినచో మాత్రము మన ముఖము వంక చూచి ఊరకుండును. ఇది బాలుని దోషము కాదు. మనము వానికి చెప్పిన చరిత్రలో రాజులు ఉన్నారు, యుద్ధములు ఉన్నవి, సంవత్సరములు ఉన్నవి, వంటయిల్లు లేదు.

మా కళాశాల విద్యార్థులము కొందరము, మా అధ్యాపకుల తోడ్పాటుతో, సెలవు దినములలో కర్లపాలెము పరిసరములందలి పిల్లలను కూర్చుండబెట్టుకొని చరిత్ర చెప్పుచున్నాము. వారిలో ఉర్దూ మాటలాడు ఇండ్లవారును, తెలుగు ఇండ్లవారును కలరు. పుస్తకము మూసివేసి వస్తువులతో చెప్పవలెనని మేము నిశ్చయించుకొంటిమి. పూర్వుల నిత్యజీవనము గ్రంథములలో కంటె భూమిలోనే ఎక్కువగా దాగి ఉన్నదని పురావస్తు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఉర్దూలో ఆ శాస్త్రమును ఆసారె ఖదీమా అందురు, అనగా పురాతన చిహ్నములు. ఆ పేరే మాకు పాఠమునకు ఆరంభమైనది.

మొదటి దినమున మేము పిల్లల ముందు ఉంచినది ఒక తొక్కుడుబిళ్ల మాత్రమే. విరిగిన కుండ పెంకును రాతిపై అరగదీసి గుండ్రముగా చేసిన బిళ్ల. దీనిని చూపి ఇదేమని అడుగగా పిల్లలు నవ్విరి. వారి జేబులలోనే రెండు మూడు ఉండెను. అప్పుడు మేము చెప్పితిమి: మన దేశమున ప్రాచీన గ్రామములను త్రవ్విన ప్రతి చోటను, ఇంచుమించుగా, ఇట్టి గుండ్రని పెంకు బిళ్లలు లభించుచున్నవి. త్రవ్వకముల నివేదికలలో వీనికి ఆ ఆట పేరుననే ఒక శీర్షిక కలదు. అన్నియు ఆట బిళ్లలే అని చెప్పజాలము. కొన్ని కుండలకు మూతలై ఉండవచ్చును, నడుమ రంధ్రమున్నవి కదురు బిళ్లలై ఉండవచ్చును. కాని రెండు వేల ఏండ్ల క్రిందటి పిల్లవాడొకడు పెంకును అరగదీసి కూర్చున్నాడని తలచుటకు ఆధారము లేకపోలేదు. ఆ మాట వినగానే పిల్లల నవ్వు ఆగినది. ఒకడు తన బిళ్లను చేతిలో త్రిప్పి త్రిప్పి చూచుకొనెను.

భూమిలో ఏది నిలుచును, ఏది నిలువదు అనునది ఈ విద్యకు మూలసూత్రము. దీనిని మన తీరమువారికి వేరుగా బోధింప పని లేదు. 1977 నవంబరు 19వ తేదీ తుపానును ఎరిగిన పెద్దలు ఇప్పటికిని మన గ్రామములలో ఉన్నారు. తాటాకు కప్పు ఎగిరిపోయిన పిమ్మట, మట్టి గోడ కరగిపోయిన పిమ్మట, ఇల్లున్న చోట ఏమి మిగులునో వారిని అడిగి రమ్మని పిల్లలను పంపితిమి. వారు తెచ్చిన సమాధానములు దాదాపు ఒక్కటే: గుంజలు పాతిన గుంటలు, పొయ్యి గడ్డలు, రోలు, పగిలిన కుండలు. త్రవ్వకములో పురావస్తు శాస్త్రజ్ఞునకు దొరకునదియు ఇంతే. గుంజ కుళ్లిపోవును, గుంట మాత్రము వేరు రంగు మట్టితో నిండి గుండ్రని మచ్చగా నిలుచును. అట్టి మచ్చలను వరుసగా కలిపినచో ఇంటి రూపము తెలియును. నాగార్జునకొండ లోయలో నూతన శిలాయుగమువారి నివాసపు గుంతలను, వాని చుట్టు గుంజల గుంటలను ఇట్లే గుర్తించిరి.

మహబూబునగరు ప్రాంతమున ఉట్నూరు అనుచోట ఒక బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ అను ఆంగ్లేయ విద్వాంసుడు త్రవ్వెను. అది నాలుగు వేల ఏండ్లకు పైబడిన పశువుల దొడ్డి. పేడ పేరుకొని, కాల్చబడి, మరల పేరుకొని దిబ్బయైనది. అందు ఆనాటి పశువుల గిట్టల ముద్రలు కూడ కనబడినవి. రాజుల పేర్లు కాలగర్భమున కలిసిపోయినవి గాని, ఆవు అడుగు నిలిచినది. ఈ సంగతి చెప్పినప్పుడు మా పిల్లలకు కలిగిన ఆనందము ఏ యుద్ధకథ చెప్పినను కలుగలేదని మేము నిస్సంకోచముగా చెప్పగలము.

ఇతర దేశములలో ఈ బోధన ఎట్లు జరుగుచున్నదో కూడ తెలిసికొనుట మంచిది. ఇంగ్లండు దేశమున సఫోక్ మండలములో వెస్ట్ స్టో అను ఒక గ్రామస్థలము కలదు. క్రీ.శ. అయిదవ శతాబ్దము మొదలు ఏడవ శతాబ్దారంభము వరకు ఆంగ్లో సాక్సనులు అను ప్రజలు అచ్చట నివసించిరి. ఇచ్చట మన ఆంధ్రదేశమును విష్ణుకుండినులు ఏలిన కాలము ఇంచుమించుగా అదే. 1965 నుండి 1972 వరకు దానిని త్రవ్వి, పిమ్మట ఆ గుంజల గుంటల ఆధారముననే ఇండ్లను తిరిగి కట్టిరి. నేడు ఆ దేశపు బడిపిల్లలు అచ్చటికి పోయి ఆ ఇండ్లలో ప్రవేశించి చూచుచున్నారు. ఈ ఇండ్ల విషయమున ఒక చిత్రము కలదు. త్రవ్వినప్పుడు ప్రతి చిన్న యింటి క్రిందను ఒక గొయ్యి కనబడెను. ఆ ప్రజలు గోతులలో కాపురముండిరని పూర్వపు పండితులు తలచిరి. ఇల్లు కట్టి చూడగా, గోతిపై పలకలు పరచి నేల ఏర్పరచుకొని ఉండవచ్చునని తోచినది. అనగా ఊహ మారినది, గొయ్యి మారలేదు. ఆ ఇండ్లలో మట్టితో చేసి కాల్చిన మగ్గపు బరువులు, ఎముక దువ్వెనలు, కదురు బిళ్లలు దొరకినవి.

ఇది చెప్పి మేము పిల్లలను చీరాల గుంట మగ్గము జ్ఞప్తికి తెచ్చుకొమ్మంటిమి. నేతగాడు గోతిలో కాళ్లు పెట్టుకొని కూర్చుండును. వేయి ఏండ్ల పిమ్మట కొయ్య, నూలు నశించి ఆ గొయ్యి ఒక్కటే మిగిలినచో దానిని చూచువారు ఏమనుకొందురు? ఒక పాప, "నీళ్ల తొట్టి అనుకొందురు" అనెను. మేము కాదనలేదు.

అదే సఫోక్ మండలమున సటన్ హూ అను చోట 1939లో ఇసుకలో ఒక పెద్ద ఓడ బయల్పడెను. దాదాపు 27 మీటర్ల పొడవు. కాని అందు కొయ్య ముక్క ఒకటియు లేదు! కొయ్య అంతయు ఇసుకలో కరగిపోగా, ఇనుప మేకుల వరుసలును, ఇసుకపై పడిన ఓడ ఆకారపు మచ్చయు మాత్రమే మిగిలెను. త్రవ్వినవారు తొందరపడి పలుగు వేసి ఉన్నచో ఓడ ఉండెనన్న సంగతియే లోకమునకు తెలిసెడిది కాదు. సూర్యలంక ఇసుకలో ఆడుకొను మన పిల్లలకు ఈ కథ మిక్కిలి నచ్చినది.

అయితే ఇంగ్లండు వరకు పోవలసిన పని ఏమున్నది? చెరుకుపల్లి మీదుగా పోయినచో భట్టిప్రోలు మనకు ఎంతో దూరము కాదు. అచ్చటి స్తూపమును 1892లో అలెగ్జాండర్ రే అను అధికారి త్రవ్వగా రాతి పెట్టెలు మూడు, వానిలో స్ఫటికపు బరిణెలు, బంగారు పూలు, ముత్యములు, పూసలు లభించినవి. పెట్టెలపై ఉన్న ప్రాకృత శాసనములను బ్యూలర్ పండితుడు చదివి ప్రకటించెను. తెలుగు దేశమున లభించిన అతి ప్రాచీన శాసనములలో ఇవి చేరినవి. కుబేరకుడు అను రాజు పేరు ఇందు కలదు. పాఠ్యపుస్తకములు ఆ రాజు పేరును మాత్రము గ్రహించినవి. మేము పిల్లలకు వేరొక పేరు చూపితిమి. ఒక శాసనమున, కూరుని తండ్రి, కూరుని తల్లి, కూరుడు దానమిచ్చిరని ఉన్నది. తల్లికి వేరుగా పేరు వ్రాయలేదు. ఆమె కూరుని తల్లి, అంతే. మన వీథులలో నేటికిని ఒక ఇల్లాలిని బిడ్డ పేరుతో "కరీం అమ్మ" అనియు, "సుబ్బడి తల్లి" అనియు పిలుచుట లేదా? ఇరువది రెండు శతాబ్దముల నాటి ఆ ఇల్లాలు ఒక్కసారిగా మన పొరుగింటి ఆవిడ అయినది. స్ఫటికముపై చెక్కిన మరియొక చిన్న శాసనమున నందపురపు స్త్రీలు చేసిన దానము ప్రస్తావింపబడినది. రాజు ఒక్కడే కాదు, ఊరివారు కలిసి పని చేసిరనుటకు ఇంతకంటె ఏమి కావలెను?

ఆ స్తూపము గతి మాత్రము దుఃఖకరము. రే వచ్చుటకు పూర్వమే దాని ఇటుకలను, చలువరాళ్లను కాలువ పనులకు, బాట పనులకు తరలించిరి. అమరావతిలోను ఇట్లే జరిగినది. శిల్పములను కాల్చి సున్నము చేసిరి. మిగిలిన శిల్పములు కొన్ని మద్రాసు సంగ్రహాలయమునకు, కొన్ని లండనుకు చేరినవి. ఆ శిల్పములను ఛాయాచిత్రములలో చూపి, బుద్ధుని కథను కాక, ప్రక్కనున్న బండిని, మంచమును, కుండను, ఇంటి కప్పును, స్త్రీల కడియములను లెక్కించి వ్రాయుమని పిల్లలకు పని చెప్పితిమి. మేము ఎన్నడును గమనింపని పీటను ఒకడు కనుగొనెను.

తెలంగాణ ప్రాంతమున శాతవాహనుల నాటి ఊళ్లు ఇంకను విశదముగా బయల్పడినవి. కొండాపురమును 1940 దశకారంభమున హైదరాబాదు రాజ్యపు పురావస్తు శాఖ త్రవ్వించెను. 1914లో ఏర్పడిన ఆ శాఖకు మొదటి అధిపతి గులాం యజ్దానీ. అజంతా చిత్రములను లోకమునకు పరిచయము చేసిన మహనీయుడు. ఉర్దూ, పారసీ చదువుకొని పెరిగిన ఆయన బౌద్ధుల గుహలను, శాతవాహనుల వీథులను తన వారసత్వముగానే భావించి పని చేసెను. మన కళాశాల విద్యార్థులు ఆయన పేరు తప్పక తెలిసికొనవలెను. కరీంనగరు ప్రాంతపు పెదబంకూరులో ఇటుక బావులు, కాల్చిన మట్టి వరలు దించిన బావులు, కమ్మరి పని ఆనవాళ్లు, వేలకొలది నాణెములు దొరకినవి. మన ఇసుక నేలలో బావి త్రవ్వినచో గట్టు విరిగిపడును గనుక వరలు దించుదుము. ఇప్పుడు సిమెంటు వర, అప్పుడు మట్టి వర. పని మాత్రము అదియే.

ఇక మేము చేసిన ఒక పొరపాటును దాచక చెప్పవలెను. మొదటి సంవత్సరమున ఉత్సాహముతో పిల్లలను పాత పెంకులు, పూసలు ఏవి దొరకినను తెమ్మంటిమి. వారము దినములలో ఒక గోనెసంచి నిండినది. నలుపు ఎరుపు పెంకులు కూడ అందుండెను. కుండను బోర్లించి కాల్చినప్పుడు గాలి తగులని లోపలి భాగము నల్లబడి, వెలుపలి భాగము ఎర్రనగును. మేము సంతోషించితిమి. పిమ్మట ఆ సంచిని చూచిన ఒక పెద్ద అధ్యాపకులు, "ఇందులో ఏది ఏ దిబ్బది? ఎంత లోతున ఉండెను? దాని ప్రక్కన ఏముండెను?" అని అడిగిరి. మేము తల వంచుకొంటిమి. చోటు తెలియని పెంకు పేరు చెరిగిన ఉత్తరము వంటిది. పైపెచ్చు దిబ్బను కెలుకుట చట్టవిరుద్ధము కూడ కావచ్చును. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము భూమిలో దొరకిన నిక్షేపము విలువ పది రూపాయలు మించినచో కలెక్టరునకు తెలుపవలెను. రక్షిత స్థలములకు 1958 నాటి చట్టము వేరుగా కలదు.

అప్పటినుండి పద్ధతి మార్చితిమి. పిల్లలు త్రవ్వరు, చూతురు, కొలుతురు, బొమ్మ గీయుదురు, చోటు వ్రాయుదురు. త్రవ్వకపు రీతి నేర్పుటకు పాఠశాల ఆవరణలోనే ఒక తొట్టిలో ఇసుక, బంకమన్ను, బూడిద పొరలు పొరలుగా పోసి, ప్రతి పొరలో నేటి వస్తువులే పెట్టుదుము: క్రింద మట్టి ప్రమిద, నడుమ లాంతరు గాజు, పైన విద్యుద్దీపపు ముక్క. క్రిందిది ముందుది అని వారే చెప్పుదురు. ఒకసారి మేము కావలెననియే ఒక ఎలుక బొరియ వంటిది చేసి దీపపు ముక్కను అడుగునకు చేర్చితిమి. పెద్ద వాదము జరిగినది! చివరకు బొరియను కనిపెట్టిన ఘనత ఇద్దరు బాలికలకు దక్కెను.

ఊరి పేర్ల విషయమునను జాగ్రత్త అవసరము. మన సమీపమున బుద్దాము కలదు. ఆ పేరు వినగానే బౌద్ధమే స్ఫురించును. పిల్లలు వెంటనే అచ్చట స్తూపము ఉండెనని వ్రాసిరి. పేరు ఒక సూచన మాత్రమే, సాక్ష్యము కాదని చెప్పి ఆ వాక్యము కొట్టివేయించితిమి. మోటుపల్లి విషయము అట్లు కాదు. 1244లో గణపతిదేవుడు వేయించిన అభయశాసనము రాతిపై నిలిచి ఉన్నది. తుపానులో చిక్కి తీరమునకు కొట్టుకొని వచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు హరించెడివారనియు, తాను నియమిత సుంకము మాత్రమే గైకొందుననియు అందు చెప్పెను. కర్పూరము, పన్నీరు, ముత్యములు, మిరియములు మున్నగు సరకుల జాబితాయు కలదు.

కమిటీ పెద్దలకు మా మనవి స్వల్పము. తాళము గల ఒక బీరువా, సంవత్సరమునకు ఒకసారి పిల్లలను భట్టిప్రోలునకు తీసికొనిపోవుటకు బస్సు ఖర్చు. బీరువాలో ఉంచుటకు వస్తువులు ఇండ్లనుండియే వచ్చును: నాయనమ్మ వాడిన తిరుగలి, పాత సుర్మాదాని, తాటాకు బుట్ట, ఇత్తడి లోటా. ప్రతిదానికి ఎవరి ఇంటిది, ఎవరు వాడిరి, ఎప్పుడు మానిరి అను వివరము రెండు భాషలలోను వ్రాయుదుము. ఆ గోనెసంచి పెంకులను కూడ పారవేయలేదు. వానిని ఒక డబ్బాలో ఉంచి, పైన ఒక చీటి అంటించితిమి. ఆ చీటిపై "ఎచ్చటివో తెలియదు, తప్పు మాది" అని తెలుగులోను ఉర్దూలోను వ్రాసినది ఆరవ తరగతి బాలిక.