చేతి లేపనమునకు పరీక్ష

శంషాబాదు దక్కను పీఠభూమిపై నున్నది. మార్గశిరము వచ్చునప్పటికి అక్కడి గాలిలో తేమ తరిగి, వేళ్ల కణుపులు తెల్లబారును. 2008లో అక్కడ తెరచిన విమానాశ్రయమునుండి దూరదేశములకు పోవువారికి ఈ బాధ మరింత హెచ్చు. ఎగురు విమానములోని గాలిలో తేమ సాధారణముగా నూటికి 20 పాళ్లకు మించదు.

కనుకనే చేతి క్రీములకు గిరాకీ. అంగడిలో రవ్వంత ముంజేతికి రాసి, వాసన చూచి, నిమిషములో తీర్పు చెప్పువారే అధికము. సున్నితమైన చర్మము గలవారికి ఈ పరీక్ష చాలదు. మెచ్చుకొన్న ఆ సువాసన ద్రవ్యమే అనేకమారులు చర్మమునకు పడదు. దురదయు, ఎరుపును ఒకటి రెండు దినములు గడచిన గాని బయటపడవు. మోచేతి మడతవద్ద రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుమార్లు వారము దినములు రాసి చూడవలెను.

గ్లిసరిను చర్మమున నీటిని నిలుపును. వాజలైను ఆ నీరు ఆవిరి కాకుండ మూతవలె కాచును. అందుచే చేయి కడిగిన పిదప తడి పూర్తిగా ఆరకమునుపే రాయుట మేలు. దినమంతయు సుద్దపొడితో మెలగి, మాటిమాటికి చేతులు కడుగు ఉపాధ్యాయులకు ఇది మరీ అవసరము. సబ్బుతోపాటు చర్మపు సహజమైన జిడ్డును పోవును. వెల యెక్కువైనదే మేలైనదను నమ్మకమునకు ఆధారము లేదు.

ప్రయాణికులు ఈ పరీక్షను వారము ముందే యింట ముగించుకొనవలెను. విమానాశ్రయపు అంగడిలో అంత గడువు దొరకదు.