నీ పెట్టెల ఏం కనపడ్తదిరా?

హన్మకొండలో ఆదివారం మధ్యాహ్నం. పైన మా నలుగురు దోస్తుల అద్దె రూము, కింద ఓనర్ ఆంటీ వాళ్ల హాలు. హాలు తలుపు బార్లా తీసి ఉందంటే టీవీలో పాత సినిమా వస్తున్నట్టు లెక్క. ఆ రోజు ‘మాయాబజార్’.

“యూట్యూబ్‌ల ఉన్నది కదా ఆంటీ, ఎప్పుడైనా చూడొచ్చు” అన్నాడు మా కాజీపేటోడు.

“ఉన్నది. మరి చూసినవా?” అన్నది ఆంటీ.

వాడి దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే మా దగ్గరా లేదు. ఫోన్లో ఏ సినిమా పెట్టుకోవాలో వెతుక్కుంటూనే అన్నం తినేసి చేతులు కడిగేసుకునే బ్యాచ్ మాది. టీవీలో వేస్తే మాత్రం సగం నుంచి చూసినా, యాడ్ల మధ్య ముక్కలుగా వచ్చినా చివరిదాకా కదలం.

ఆంటీ చిన్నప్పుడు ఆ మాత్రం కూడా లేదట. హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది 1977 అక్టోబర్ 23న. ఎనభైల్లో కూడా వాడకట్టుకు ఒకటో రెండో టీవీలు. “సినిమా ఉన్న రోజు పొద్దూకక ముందే చాప తీస్కొని పోయేది. పొడుగోళ్లు ఎనక కూసోవాలె. గదే రూలు” అని నవ్వింది.

పోయిన నెల ఇదే హాల్లో ‘మిస్సమ్మ’ చూశాం. 1955 సినిమా. చదువుకున్న ఇద్దరు, ఎన్టీఆర్, సావిత్రి, టీచర్ ఉద్యోగం కోసం మొగుడూపెళ్లాలుగా నటిస్తారు. ఉద్యోగం ఇచ్చే జమీందారుకు దంపతులే కావాలి మరి. కామెడీ అనుకొని కూర్చున్నాం. మా గ్రూప్స్ ప్రిపరేషన్ వాడు మాత్రం నవ్వలేదు. “డెబ్బై ఏండ్ల కింద కూడా డిగ్రీ చేతుల పట్టుకొని ఇట్లనే తిరిగిండ్రా?” అన్నాడు. ఫుడ్ డెలివరీ చేసేవాడేమో “ఇంతకుముందు రూము కోసం నేను గూడ ఆఫీసుల పని అని చెప్పిన” అని అప్పుడు బయటపెట్టాడు. ఏడాదిగా ఒకే రూములో ఉంటున్నాం, ఆ ముచ్చట మాకే తెల్వదు!

సరే, ‘మాయాబజార్’కు వద్దాం. కె.వి.రెడ్డి తీసిన ఈ సినిమా 1957 మార్చి 27న వచ్చింది. 2010 జనవరిలో రంగులద్ది మళ్లీ థియేటర్లలోకి తెచ్చారు. ఆ పని చేసిన హైదరాబాద్ కంపెనీ మొత్తం 14 పాత సినిమాల నెగటివ్ హక్కులు తీసుకుందట. కానీ హక్కుల చిక్కులతో మిగతావి ఆగిపోయాయి. నాకైతే బాధేమీ లేదు. మార్కస్ బార్ట్లే కెమెరాలో ఆ వెన్నెల నలుపుతెలుపుల్లోనే చల్లగా ఉంటుంది. కాజీపేటోడు ఒప్పుకోడు, వాడికి రంగులే కావాలి. ఈ పంచాయితీ ఇప్పట్లో తెగదు.

పింగళి నాగేంద్రరావు పుట్టించిన మాటలైతే మా వాట్సాప్ గ్రూపులో ఉద్యోగం చేస్తున్నాయి. కరెంటు బిల్లు టైముకు కట్టినోడికి ‘వీరతాడు’. గిన్నెలు తోమకుండా పారిపోయినోడు ‘తసమదీయుడు’.

ఇంతలో ప్రియదర్శిని పెట్టె సీను వచ్చింది. మూత తీసి చూస్తే ఎవరికి ఏది ప్రియమో అదే కనిపించే పెట్టె. బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు, శశిరేఖకు అభిమన్యుడు. కృష్ణుడికి మాత్రం శకుని!

“వీడియో కాల్ రా ఇది” అన్నాడు డెలివరీ వాడు.

“కాదు, రీల్స్. మనకు ఏం ఇష్టమో దానికే ఎరుక” అన్నాడు కాజీపేటోడు.

యాడ్లు రాగానే ఆట మొదలైంది. నీ పెట్టెల ఏం కనపడ్తది? కాజీపేటోడికి లోకో షెడ్డులో పర్మినెంట్ ఆర్డర్. డెలివరీ వాడికి పంచర్ కాని బండి. నాకు మా అక్క చేసే సర్వపిండి (అబద్ధం, కానీ అసలు సంగతి ఆంటీ ముందు ఎట్లా చెప్పను?). గ్రూప్స్ వాడు “ఆడుగోనియ్యిరా సినిమా” అని తప్పించుకున్నాడు.

సినిమా ఆడుతోంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి వచ్చాడు. ఆడపిల్ల ఒంట్లో రాక్షసుడిని సావిత్రి చూపిస్తుంటే ఆంటీ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతోంది. మళ్లీ యాడ్లు. అప్పుడన్నాడు వాడు, టీవీ వైపే చూస్తూ.

“మా బాపు కనపడ్తడు.”

ఎవరం మాట్లాడలేదు.

“రిజల్టు వచ్చి పదకొండు రోజులాయె. రోజూ చేస్తుండు. ఎత్తుతలేను.”

పరకాల అవతల వాళ్ల ఊరు. బస్సెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. ఫోన్ మోగినప్పుడల్లా తిప్పి బోర్లా పెట్టడం మేం చూస్తూనే ఉన్నాం. ఎవరో అమ్మాయి అనుకొని ఏడిపించాం కూడా.

ఆంటీ రిమోట్ తీసుకుని సౌండు తగ్గించింది. “మెట్ల మీద సిగ్నల్ మంచిగొస్తది, పో” అంది, అంతే.

వాడు వెళ్లాడు. పెళ్లి విందు సీను రానే వచ్చింది. ఎస్వీ రంగారావు ముందు గంగాళాలు, లడ్డూల గుట్టలు. మామూలుగా అయితే కేకలు పెట్టేవాళ్లం. ఈసారి ముగ్గురం టీవీని తక్కువ, తలుపును ఎక్కువ చూశాం. మెట్ల మీద నుంచి మాటలు సరిగా వినపడలేదు. “తిన్న బాపూ” అన్నది ఒక్కటే వినిపించింది.

కాసేపటికి వచ్చి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. మొహం కడుక్కున్నట్టున్నాడు.

“లడ్డూలు అయిపోయినయా?”

“ఇప్పుడే షురూ చేసిండు, కూసో” అన్నాడు కాజీపేటోడు.

ఆంటీ సౌండు పెంచింది.