గడప దాటని పలక

మా మేనమామగారు ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. చేతికందునట్టిదియు, నల్లనిదియు, వ్రేలితో వ్రాయుటకు వీలగునదియు నైన వస్తువేదైనను ఆయన దృష్టిలో పలకయే. కనుక 2012లో అమెరికానుండి సెలవులకు వచ్చిన కుమారుడు తెచ్చియిచ్చిన ఏడంగుళముల ట్యాబ్‌ను ఆయన ఆనాటినుండి నేటిదాక ‘పలక’ యనియే వ్యవహరించుచున్నారు. తెల్లవారగనే పంచాంగము చూచుకొనుటకును, మధ్యాహ్నము ఘంటసాల పద్యములు వినుటకును, రాత్రి సముద్రములకావలనున్న మనుమరాలి ముఖము చూచి మాటాడుటకును ఆయనకదియే సాధనము. ఇటీవల తెనాలిలోని ఆ యింటికి ఫైబర్ కనెక్షన్ వచ్చినది, దానితోపాటు కొత్త రౌటర్ వచ్చినది. కోడలి ఫోను, గోడమీది టీవీ నిమిషములో కలిసిపోయినవి గాని, పలకమాత్రము ఎంత బుజ్జగించినను కలువలేదు. రెండు మాసములు బీరువాలో పడియున్న దానిని, నేను వెళ్లిన దినమున ఆయన తెచ్చి నా యొడిలో పెట్టిరి.

“ఏరా, దీనికి కాలం చెల్లిందంటావా? అద్దం పగల్లేదు, ఛార్జింగ్ ఎక్కుతోంది, వైఫై ఒక్కటే అందుకోదు. బజారులో చూపిస్తే కొత్తది కొనుక్కోమన్నాడు.”

“ముందు ఎక్కడ ఆగుతోందో చూద్దాం మామయ్యా” అంటిని.

ఆ ఒక్క ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము. వైఫై ‘కలియుట లేదు’ అని మనము ఒక్క మాటతో తేల్చివేయు వ్యవహారమునందు నిజమునకు నాలుగు ఘట్టములు కలవు: పరికరము రౌటర్ పేరును చూడవలెను, రౌటర్ పరికరమును గుర్తింపవలెను, గుర్తించినపిదప దానికొక చిరునామా నీయవలెను, ఆ చిరునామాతో పరికరము బయటి ప్రపంచమునకు పోగలుగవలెను. రోగి ‘ఒంట్లో బాగాలేదు’ అన్నంతమాత్రమున మందు వ్రాయని వైద్యునివలె, ఈ నాలుగింటిలో ఏ గడపయొద్ద కాలు తగులుచున్నదో కనుగొనక సెట్టింగ్స్ అన్నియు కలచివేయుట వలన ఉన్న చిక్కునకు మరి నాలుగు చిక్కులు చేరును.

అయినను, ఖర్చులేని చిట్కాలను ముందుగా ప్రయోగించుట తప్పు కాదు. రౌటర్ ప్లగ్గు తీసి, అర నిమిషమాగి మరల పెట్టి, దాని దీపములన్నియు స్థిరముగా వెలుగువరకు ఓపిక పట్టవలెను. పలకను గూడ పూర్తిగా ఆపి తిరిగి వెలిగింపవలెను. పిమ్మట వైఫై జాబితాలో మన యింటి పేరును నొక్కి ‘ఫర్గెట్’ చేసి, పాస్‌వర్డ్‌ను కొత్తగా కొట్టవలెను. ఏలయన పాత రౌటర్ పేరునే కొత్తదానికిని పెట్టినయెడల, పరికరము తాను దాచుకొన్న పాత తాళపుచెవినే మరల మరల త్రిప్పుచుండును. ఎయిర్‌ప్లేన్ మోడ్ పొరపాటున నొక్కుకొని యుండినను వైఫై కలియదు. బ్యాటరీ ఉబ్బి వెనుకభాగము పైకి లేచియున్నచో మాత్రము ఈ ప్రయత్నములన్నియు కట్టిపెట్టి, ఛార్జింగ్ పెట్టక, మరమ్మతు తెలిసినవానికి చూపుట క్షేమము.

ఇక మొదటి గడప: కనబడుట. వైఫై యనునది ఏ దీర్ఘనామమునకును సంక్షేపము కాదు. 1999లో వ్యాపారము కొరకు కల్పించిన పేరు. దాని వెనుకనున్న 802.11 అను ప్రమాణము 1997లో పుట్టి, 2003, 2009, 2013, 2021 సంవత్సరములలో కొత్త రూపములు దాల్చుచు వచ్చినది. ఈ సంభాషణ సాగు ఆకాశమార్గములలో మన యిండ్లలో ముఖ్యమైనవి రెండు: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. మొదటిదాని తరంగము పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు, రెండవది అందులో సగమునకు లోపు. పొట్టి తరంగమునకు వేగమెక్కువ గాని గోడలనిన భయము. పొడవైనది నెమ్మదియైనను, మా మామయ్యగారి యింటి మందపాటి ఇటుకగోడలను గూడ ఎటులో దాటి వంటింటిదాక చేరును. 2012 నాటి చవుక ట్యాబ్‌లలో పెక్కింటికి మొదటి మార్గము తప్ప రెండవది తెలియదు. కావున రౌటర్ 5 గిగాహెర్ట్జ్‌లోనే పలుకుచున్నచో, పాత పలకను దాని నెత్తిమీద పెట్టినను పేరు కనబడదు. కొత్త రౌటర్లు రెండు మార్గములకును ఒకే పేరు పెట్టుట గలదు. పాత పరికరము తడబడునప్పుడు 2.4కు వేరొక పేరు పెట్టినచో తడబాటు తీరును.

మా పలకయందు ఒక వింత కనబడినది. పొరుగిండ్ల వైఫై పేర్లు నాలుగైదు వచ్చుచున్నవి. మన యింటిదే లేదు. నా ఫోనులో చూచితిని గదా, 2.4 గిగాహెర్ట్జ్ నిక్షేపముగా పనిచేయుచున్నది. ఆలోచింపగా పలక జన్మస్థానము స్ఫురించినది. ఆ 2.4 మార్గము ఛానళ్లుగా విభజింపబడియుండును. మన దేశమున 13 ఛానళ్లు వాడుకలో నుండగా, అమెరికాలో సామాన్యముగా 11 మాత్రమే వాడుదురు. అచ్చటి విపణికై చేసిన పరికరములలో కొన్ని పండ్రెండు, పదుమూడు ఛానళ్లవైపు చెవియే ఒగ్గవు. రౌటర్ లోపలి పుటను తెరచి చూడగా, రద్దీ లేని చోటును తానే వెదకుకొని అది 13వ ఛానల్‌లో కూర్చుండియున్నది! ‘ఆటో’ అన్నచోట 6 అని మార్చితిని. క్షణములో మన యింటి పేరు పలకపై తేలినది. విదేశమునుండి బంధువులు తెచ్చిన పాత ట్యాబ్ గలవారందరును ఈ సంగతి గుర్తుంచుకొనదగును. ఒకదానితో నొకటి ఒరసికొనకుండ నుండుటకు 1, 6, 11 అను మూడు ఛానళ్లలో ఏదో ఒకటి ఎన్నుకొనుట వాడుక. రౌటర్ లోపలి పుటను తెరచుటకు వలయు చిరునామా, పాస్‌వర్డ్ దాని అడుగున అంటించిన చీటీమీద సాధారణముగా నుండును. లేనిచో కనెక్షన్ పెట్టిన కుర్రవానిని అడుగవచ్చును.

రెండవ గడప: గుర్తింపు. పేరు కనబడియు ‘అథెంటికేషన్ ప్రాబ్లమ్’ అనియో, కలిసినట్లే కలిసి ‘సేవ్డ్’ అనియో ఆగిపోయినచో చిక్కు ఇచ్చటనే. మొట్టమొదట అనుమానింపవలసినది మన వ్రేళ్లనే: పెద్ద అక్షరము, చిన్న అక్షరము వేరువేరు, సున్నయు ఓ అక్షరమును కవలపిల్లలు, కనుక పాస్‌వర్డ్ కనబడునట్లు గుర్తు పెట్టుకొని నిదానముగా కొట్టవలెను. అది సరియైనను కుదరనిచో, తాళముల చరిత్రలోనికి పోవలెను. వైఫైతో పుట్టిన తొలి తాళము వెప్. ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అను మువ్వురు పండితులు దాని లోపమును 2001లోనే బయటపెట్టిరి. 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 ఒకదానివెంట నొకటి వచ్చినవి. 2012 నాటి పరికరము తనకు ఆరేండ్ల తరువాత పుట్టిన తాళమును తెరువలేకపోవుట దాని దోషము కాదు. రౌటర్‌లో డబ్ల్యూపీఏ3 ఒక్కటే యున్నచో, డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండును కలసిన అమరికకు మార్చవలెను. అప్పటికిని మొరాయించు పరికరములకు డబ్ల్యూపీఏ2 ఒక్కటే పెట్టవలసివచ్చును. అంతకన్న వెనుకకు పోయి వెప్‌ను వాడుటయో, తాళమే తీసివేయుటయో మాత్రము ఎన్నడును కూడదు. ముసలి అతిథి కొరకు వీథితలుపు రేయింబవళ్లు బార్లా తెరచియుంచు గృహస్థుడెవడును ఉండడు గదా. చాల రౌటర్లలో ‘గెస్ట్ నెట్‌వర్క్’ అనునది కలదు. వీలున్నచోట దానికి డబ్ల్యూపీఏ2 పెట్టి 2.4 మార్గమున పాత పరికరమునకు విడిచినచో, ఇంటిల్లిపాది ఫోన్లును వేరుగా తమ గట్టి తాళము వెనుకనే నిలుచును.

మూడవ గడప: చిరునామా. ‘అబ్టెయినింగ్ ఐపీ అడ్రస్’ అను మాటయొద్ద చక్రము తిరుగుచునే యున్నచో, రౌటర్ ఇంటిలోని ప్రతి పరికరమునకు పంచు 192.168.1.5 వంటి సంఖ్య దానికి చేరలేదన్నమాట. 169.254తో మొదలగు సంఖ్య కనబడినను, పెట్టుదాత లేక పరికరము తనకు తానే పెట్టుకొన్న పేరని గ్రహింపవలెను. ఏనాడో ఎవరో పలకలో ఐపీ అడ్రస్‌ను ‘స్టాటిక్’ అని బిగించియుండవచ్చును. పాత రౌటర్ కాలమునాటి ఆ సంఖ్య కొత్త రౌటర్ లెక్కలకు పొసగదు. దానిని ‘డీహెచ్‌సీపీ’కి మార్చిన చాలును. తెలిసిన పరికరములనే రానిచ్చు మ్యాక్ ఫిల్టర్ పెట్టియున్న యిండ్లలో, పలకకు పుట్టుకతో వచ్చిన పండ్రెండక్షరముల మ్యాక్ సంఖ్యను ఆ జాబితాలో చేర్చవలెను.

నాలుగవ గడప మిక్కిలి మాయలమారి. వైఫై గుర్తు నిండుగా వెలుగుచుండును, ఒక్క పుటయు తెరచుకొనదు. మా పలకయు తుదకు ఇచ్చటికే వచ్చి ఆగినది. ఏమా యని చూడగా దాని గడియారము 1970 జనవరి 1 అని చూపుచున్నది. బీరువాలో బ్యాటరీ పూర్తిగా అడుగంటి, కాలజ్ఞానము పోయి, ఈ యంత్రములు కాలగణన మొదలుపెట్టు ఆది దినమునకే అది మరలిపోయినది. తనంతట తేదీ సరిచేసికొను అమరికను ఎవరో ఆపియుంచిరి. భద్రమైన ప్రతి వెబ్‌సైటును తన గుర్తింపుపత్రమును చూపును. ఆ పత్రమునకు చెల్లుబాటు మొదలగు తేదీ, ముగియు తేదీ ఉండును. 1970లో నున్నానని భ్రమించు పలకకు ఆ పత్రములన్నియు ఇంక పుట్టనివే. తేదీ సరిచేయగనే పంచాంగము తెరచుకొన్నది.

“తారీకు తెలీనివాడికి పంచాంగం ఎవరు చూపిస్తారురా!” అని మామయ్యగారు పకపక నవ్విరి.

అన్ని పుటలును తెరచుకొన్నవని చెప్పినచో అసత్యమగును. ఎవరి సంతకమును నమ్మవలెనో తెలుపు జాబితా యొకటి ప్రతి పరికరమునందు నుండును. నేడు అసంఖ్యాకములైన వెబ్‌సైట్లకు పత్రములిచ్చుచున్న ‘లెట్స్ ఎన్‌క్రిప్ట్’ సంస్థ మూలసంతకము ఆండ్రాయిడ్ 7.1.1కు పూర్వపు పరికరముల జాబితాలో లేదు. వాని కొరకు ఏర్పరచిన తాత్కాలిక సదుపాయమును 2024 సెప్టెంబరుతో ముగిసినది. తన జాబితాను తానే వెంటతెచ్చుకొను ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజర్ ఆ పరికరమున కెక్కినచో కొంత ఉపశమనము కలుగును. వీడియో మాటల యాప్‌లు మాత్రము పాత ఆండ్రాయిడ్‌ను ఒక్కటొక్కటిగా విడిచిపెట్టుచున్నవి. ఆ చిక్కునకు రౌటర్‌లో మందు లేదు. భద్రతా మరమ్మతులు ఆగిపోయిన ఇట్టి పరికరమున బ్యాంకు లావాదేవీలు జరుపుట యుక్తము కాదు. ఇక ‘ఫ్యాక్టరీ రీసెట్’ అను బ్రహ్మాస్త్రమును నాలుగు గడపలును పరీక్షించిన పిదపనే, అదియు ఛాయాచిత్రములు భద్రపరచుకొని, గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ జ్ఞప్తియున్నదో లేదో చూచుకొని ప్రయోగింపవలెను. కొన్ని పరికరములు ఆ పాస్‌వర్డ్ లేనిదే తిరిగి తెరచుకొనవు.

మనుమరాలితో మాటలకు కోడలి ఫోను, పంచాంగమునకును పద్యములకును పలక అని మామయ్యగారు ఆ సాయంకాలమే పని పంచిరి. మరునాడు నేను బయలుదేరుచుండగా బీరువా తలుపు లోపల కొత్త కాగితమొకటి అంటించి కనబడినది. బడిలో నల్లబల్లపై వ్రాసినట్లే గుండ్రని అక్షరములలో వరుస సంఖ్యలు వేసి నాలుగు పంక్తులు వ్రాసియుంచిరి: “కనబడుతోందా? గుర్తుపట్టిందా? చిరునామా ఇచ్చిందా? తారీకు సరిగా ఉందా?” వాని క్రింద ఎఱ్ఱసిరాతో, “ఛానల్ 6. మర్చిపోకు.”