ఆవగింజలో రెండు వంశాలు

మన పోపుల డబ్బాలో ఉండే ఆవాలు చాలావరకు బ్రాసికా జన్సియా అనే మొక్క గింజలు. వేల ఏళ్ల కిందట రెండు వేరువేరు జాతులు కలిసి ఈ మొక్కను కన్నాయి. తల్లి బ్రాసికా రాపా, అంటే టర్నిప్, చైనా క్యాబేజీల జాతి. తండ్రి నల్ల ఆవ, బ్రాసికా నైగ్రా. ఆ రెండూ నేటికీ తమ దారిన తాము బతుకుతూనే ఉన్నాయి. వాటికి పుట్టిన మూడోది మాత్రం మన దేశపు పొలాల్లో ఇద్దరినీ మించిపోయింది.

ఇది వింటే బడిలో చదువుకున్న కంచరగాడిద గుర్తుకొస్తుంది. గుర్రానికీ గాడిదకూ పుడుతుంది, బరువులు బాగా మోస్తుంది, కానీ దానికి పిల్లలు పుట్టవు. రెండు జాతులు కలిస్తే వంశం అక్కడితో సరి అని మనం నేర్చుకున్నాం. మరి ఆవ మొక్క ఎలా నిలబడింది?

కిటుకు క్రోమోజోముల లెక్కలో ఉంది. రాపా కణంలో 20 క్రోమోజోములు, అంటే 10 జతలు. నల్ల ఆవలో 16, అంటే 8 జతలు. ఈ రెండింటి సంకరానికి ఒకవైపు నుంచి 10, మరోవైపు నుంచి 8, మొత్తం 18 అందుతాయి. పుప్పొడీ అండమూ తయారయ్యే వేళ ప్రతి క్రోమోజోమూ తన జోడు పక్కన చేరాలి. ఈ పద్దెనిమిదింటికీ సరైన జోళ్లు లేవు. దాంతో పంపకం గజిబిజి అయి పుప్పొడి తాలుగా పోతుంది. అయితే మొక్కల్లో అప్పుడప్పుడు కణవిభజన సగంలో ఆగిపోతుంది. రెట్టింపైన క్రోమోజోములన్నీ ఒకే కణంలో ఉండిపోతాయి. అలా 18 కాస్తా 36 అవుతుంది. ఇప్పుడు ప్రతిదానికీ అచ్చం తనలాంటి జోడు ఉంది, మొక్క గింజ కడుతుంది. పైగా ఈ కొత్త మొక్క మళ్లీ రాపాతో కలిస్తే పుట్టేదానికి 28 క్రోమోజోములు వస్తాయి. వాటిలో ఎనిమిది ఒంటరివి, కనుక ఆ సంతానం సరిగా గింజ పట్టదు. అంటే లక్షల ఏళ్లు పడుతుందనుకునే పని ఒకటి రెండు తరాల్లోనే జరిగిపోయింది. కొత్త జాతి తల్లిదండ్రుల నుంచి వేరుపడింది.

దీన్ని పసిగట్టింది జపాన్‌లో పనిచేసిన శాస్త్రజ్ఞులు. 1920ల చివర్లో మొరినాగా తోషితారో ఈ కుటుంబపు మొక్కల్ని ఒకదానితో ఒకటి సంకరం చేసి, పూమొగ్గల్లోని కణాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి క్రోమోజోములు లెక్కించడం మొదలుపెట్టాడు. ఆవను రాపాతో కలిపినప్పుడు 10 జతలు కట్టాయి, 8 ఒంటరిగా మిగిలాయి. నల్ల ఆవతో కలిపినప్పుడు 8 జతలు కట్టాయి, 10 మిగిలాయి. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే ఆవ పుట్టుక తేటతెల్లమవుతుంది. డీఎన్‌ఏ నిర్మాణం ఎలా ఉంటుందో ఇంకా ఎవరికీ తెలియని కాలంలో, కంటితో చూసి వేళ్ల మీద లెక్కపెట్టి ఇంత దూరం రావడం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

చిక్కుముడి మొత్తం విప్పింది ఊ జాంగ్‌చున్. తండ్రి కొరియా వాడు, తల్లి జపాన్ ఆమె. 1935లో ఆయన ప్రచురించిన పరిశోధన సారం ఇది: మూల జాతులు మూడు. రాపా, నల్ల ఆవ, క్యాబేజీ-కాలీఫ్లవర్ల జాతి అయిన ఒలరేసియా. చివరిదానికి 9 జతలు. వీటిని రెండేసి చొప్పున కలిపితే మరో మూడు జాతులు వస్తాయి. 18 జతలతో మన ఆవ, 19 జతలతో కనోలా నూనెనిచ్చే నాపస్, 17 జతలతో ఇథియోపియా ఆవ. వృక్షశాస్త్రంలో దీన్ని ‘ఊ త్రిభుజం’ అంటారు. ఆయన లెక్కలతో ఆగలేదు. రాపానూ ఒలరేసియానూ కలిపి నాపస్‌ను మళ్లీ పుట్టించి చూపించాడు. 1950లో కొరియా వెళ్లి, 1959లో కన్నుమూసే దాకా అక్కడి రైతులకు మంచి క్యాబేజీ, ముల్లంగి విత్తనాలు అందించడంలోనే గడిపాడు.

రెండు వంశాల జన్యువులు ఒక కణంలో చేరాక ఊరికే పక్కపక్కన కూర్చోవు. అమెరికాలో ఇలాంటి మొక్కల్నే ప్రయోగశాలలో సృష్టించి ఐదు తరాల దాకా పెంచి, ఫలితాలను 1995లో ప్రకటించారు. అంత కొద్ది తరాల్లోనే కొన్ని డీఎన్‌ఏ ముక్కలు మాయమయ్యాయి, కొత్తవి కనిపించాయి. ఒకే మొక్క సంతానంలో తేడాలు పుట్టుకొచ్చాయి. ప్రకృతి ఎంపికకు కావలసిన సరుకే ఈ తేడాలు.

జంతువుల్లో క్రోమోజోముల రెట్టింపు అరుదు. అయినా సంకరం అక్కడా దారి వెతుక్కుంటుంది. గాలపాగోస్‌లోని డాఫ్నే మేజర్ దీవికి 1981లో ఒక కొత్త మగ ఫించ్ పిట్ట వచ్చి వాలింది. అక్కడి పిట్టలపై ఏళ్ల తరబడి పరిశోధిస్తున్న పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు దాన్ని గుర్తించారు. వంద కిలోమీటర్లకు పైగా దూరంలోని ఎస్పన్యోలా దీవి నుంచి వచ్చిందని తర్వాత జన్యు పరీక్షల్లో తేలింది. అది స్థానిక జాతి ఆడపిట్టతో జతకట్టింది. పిల్లలకు ముక్కు ఆకారం వేరు, కూత వేరు. స్థానిక పిట్టలు వాటిని దగ్గరికి రానివ్వలేదు, అవి తమలో తామే జతకట్టాయి. 2012 నాటికి ఆ వంశం కొన్ని పదుల పిట్టలకు చేరింది.

మన పాఠ్యపుస్తకాలు పరిణామాన్ని ఎప్పుడూ కొమ్మలుగా చీలిపోయే చెట్టులాగే గీస్తాయి. చీలిన కొమ్మలు మళ్లీ కలిసి కొత్త కొమ్మ వేస్తాయన్న సంగతి కూడా ఆ బొమ్మలో ఉండాలని నా పట్టుదల. ఆవగింజ కంటే అందుబాటులో ఉన్న ఉదాహరణ పిల్లలకు ఇంకేం కావాలి?

ఆవ కథలో మరో పొర ఉంది. 2011లో రాపా జన్యురాశిని పూర్తిగా చదివినప్పుడు, దానిలో ఒక పాత జన్యురాశికి మూడు ప్రతులున్న జాడలు బయటపడ్డాయి. అది కోటి ఏళ్లకు పైబడిన సంగతి. ఆ తర్వాత ఎన్నో జన్యువులు రాలిపోయినా, చాలావాటికి రెండో మూడో నకళ్లు ఇంకా మిగిలే ఉన్నాయి. నల్ల ఆవకూ క్యాబేజీకీ ఇదే పూర్వచరిత్ర. ఆ మూడు ప్రతులూ రెండు విడతల సంకరంతో ఒకచోట చేరాయని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. మనం మూల జాతులని పేరు పెట్టుకున్న మూడూ, ఆ లెక్కన, అంతకు ముందరి సంకరాల సంతానమే.