ప్లేట్లు ఎక్కువైతే క్లచ్ గట్టిదా?

గజపతినగరం: ట్రాక్టరు కొనడానికి వెళ్లిన రైతుకు ఎదురయ్యే ప్రశ్నల్లో ఒకటి "సింగిల్ క్లచ్చా, డబుల్ క్లచ్చా?" అన్నది. వెంట వచ్చిన బామ్మర్ది వెంటనే "డబుల్ తీసుకో బావా, రెండు ప్లేట్లుంటే రెట్టింపు గట్టి" అంటాడు. చాలామంది పొరబడేది ఇక్కడే. ట్రాక్టరు డబుల్ క్లచ్‌లో రెండో ప్లేటు బలం కోసం పెట్టింది కాదు.

ఇంజను తిరుగుడును గేరుపెట్టెకు అందించడం, పెడలు తొక్కితే విడదీయడం క్లచ్ పని. ఇంజనుకు బిగించిన ఫ్లైవీలుకూ, స్ప్రింగులతో నొక్కే ప్రెషర్ ప్లేటుకూ మధ్య క్లచ్ ప్లేటు ఇరుక్కుని ఉంటుంది. ఆ రాపిడి పట్టు మీదే బండి నడుస్తుంది. నూతి తాడు చేతిలో జారుతుంటే ఏం చేస్తాం? పిడికిలి బిగిస్తాం. అప్పటికీ ఆగకపోతే రెండో చెయ్యి వేస్తాం. క్లచ్‌దీ అదే తీరు. స్ప్రింగు గట్టిది వేస్తే పట్టు పెరుగుతుంది గానీ పెడలు తొక్కేవాడి కాలు పీకుతుంది. ప్లేటు వెడల్పు పెంచాలంటే చోటు కావాలి. ఈ రెండూ కుదరనప్పుడే ప్లేట్ల సంఖ్య పెంచుతారు. ఒక ప్లేటుకు రాపిడి ముఖాలు రెండు, రెండు ప్లేట్లకు నాలుగు. అదే వెడల్పు, అదే స్ప్రింగు అయితే పట్టు రెట్టింపవుతుంది.

మన ఊరి మీదుగా సాలూరు వైపు పోయే జాతీయ రహదారి పక్కన కాసేపు నిలబడండి. పి.కోనవలస ఘాట్ ఎక్కడానికి బరువుతో పోయే లారీకి సాధారణంగా ఉండేది ఒక్కటే ప్లేటు. అయితే దాని వెడల్పు అడుగు దాటుతుంది. దాన్ని దాటుకుపోయే వంద సీసీ మోటారు సైకిలుకు మాత్రం నాలుగైదు ప్లేట్లు! బలం ఎక్కువై కాదు, ఇంజను పక్కన ఉన్న చోటు చిన్న గిన్నెంత గనుక. ఆ ప్లేట్లు నూనెలో మునిగి తిరుగుతాయి. వేడిని నూనె లాక్కుపోతుంది. కార్లకు వాడే నూనె చవగ్గా దొరికిందని బైకులో పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది. డబ్బా మీద 'జాసో ఎం.ఏ.' గుర్తు ఉన్నదే పోయించండి.

ఇక అధిక శక్తి గల కార్ల సంగతి. ఒకప్పటి అంబాసిడరుకు ఒక ప్లేటు సరిపోయింది. 2009 మోడలుగా వచ్చిన అమెరికా కారు కార్వెట్ జెడ్.ఆర్.1 ఇంజనుది 638 అశ్వశక్తి. దానికి రెండు ప్లేట్ల క్లచ్ పెట్టారు. ఒకే ప్లేటుతో ఆ బలాన్ని పట్టాలంటే పెడలు మామూలు మనిషి తొక్కలేనంత బరువవుతుంది. ఫార్ములా వన్ పందెపు కార్లలో కార్బన్ ప్లేట్లను నాలుగు అంగుళాల్లోపు వెడల్పులోనే పేరుస్తారు. పందానికి అది సరే. సంత రోజు మన రోడ్డు మీద అలాంటి బండి నడపడం నరకమే. పందెపు క్లచ్ మెల్లగా కాక ఒక్కసారిగా పట్టేస్తుంది. పైగా నూనె లేని పొడి క్లచ్‌లో మధ్య ప్లేట్ల వేడి త్వరగా బయటికి పోదు. రోడ్డు మీద తిరిగే కారుకు కంపెనీ ఇచ్చిన ఒక్క ప్లేటే జారకుండా నిలిస్తే దాన్ని మార్చడం దండగ.

మళ్లీ ట్రాక్టరు దగ్గరికి వద్దాం. ఇందులో డబుల్ క్లచ్ అంటే రెండు వేర్వేరు పనులకు రెండు ప్లేట్లు. ఒకటి చక్రాలకు, రెండోది వెనక పరికరాలను తిప్పే పి.టి.ఓ.కు. పెడలు సగం తొక్కితే బండి ఆగుతుంది, రోటవేటరు తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా తొక్కితే రెండూ ఆగుతాయి. సింగిల్ క్లచ్‌లో ఎంత తొక్కినా రెండూ కలిసే ఆగాలి. మడి గట్టు దగ్గర గేరు మార్చినప్పుడల్లా రోటవేటరు మట్టిలో ఆగిపోతుంది. మళ్లీ కదిలించేటప్పుడు ఆ బరువంతా ఒక్కసారిగా ప్లేటు మీద పడుతుంది. గడ్డి మోపులు కట్టే బేలరుకూ ఇదే చిక్కు. కొన్ని ఖరీదైన ట్రాక్టర్లలో పి.టి.ఓ.కు నూనెలో మునిగిన పలు ప్లేట్ల క్లచ్ విడిగా ఉంటుంది.

కాబట్టి ఏడాదిలో ఎక్కువ రోజులు నాగళ్లతో దుక్కి, కేజ్‌వీల్స్‌తో దమ్ము, ట్రక్కుతో ధాన్యం, గోగు కట్టలు తోలడమే పనైతే సింగిల్ చాలు. డబుల్‌కు ముందు పెట్టే డబ్బూ ఎక్కువే, తర్వాత విడిభాగాల ఖర్చూ ఎక్కువే. రోటవేటరో, బేలరో అద్దెకు తిప్పుదామనుకునేవారు మాత్రం డబుల్ తీసుకోవాలి. వాయిదాలు కట్టాల్సింది ఆ అద్దె డబ్బుతోనే కదా.

క్లచ్ మార్చడమంటే ట్రాక్టరును నడుమ రెండు ముక్కలుగా విడదీయాలి. దమ్ముల అదునులో అది జరిగితే మడి ఎండిపోతుంది, అద్దెకు అడిగినవాళ్లు వేరే బండి చూసుకుంటారు. పెడలు మీద కాలు ఆనించి నడిపే డ్రైవరు చేతిలో ఏ రకమైనా త్వరగా అరుగుతుంది. ఇంజను మోత పెరిగి బండి వేగం పెరగకపోయినా, మాడు వాసన వచ్చినా ప్లేటు జారుతున్నట్టే. పెడలు తొక్కగానే మొదట కొంచెం వదులుగా దిగాలి. ఆ వదులు తగ్గిపోయిందంటే పొలంలోకి దించకముందే మెకానిక్కు దగ్గర సర్దించుకోవాలి.